పన్నెండు పాటలు, పదకొండు అతుకులు

7 సెప్టెంబర్ 2015, సోమవారం

ఈ పుస్తకం క్లినిక్ నర్సు సిస్టర్ జోండి ఇచ్చింది. ఇంజెక్షన్ తర్వాత ఏం జరిగితే అది రాయాలట. వాంతయిందా, కళ్ళు తిరిగాయా, చెవుల్లో మోత ఉందా. స్కేలు పెట్టి గడులు కూడా గీసి ఇచ్చింది పాపం. నా బతుకు ఆ గడుల్లో పట్టదు. అడ్డంగా రాస్తున్నాను. నెలాఖరుకి చూపించమంటే పోయిందని చెబుతాను.

ఇవాళ యాభై ఎనిమిదోది. ఎడమ పిర్ర. శుక్రవారానిది కుడి. కూర్చోవడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. మా అమ్మమ్మ గోగో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి పనిచేస్తున్నాను. మా ఉమ్లాజీ బస్తీ మొత్తంలో నిలబడి పాటలు అతికేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వాంతి రెండుసార్లు. కళ్ళు తిరగలేదు. చెవులు బంగారం.

9 సెప్టెంబర్

మా పేటలో టాక్సీ నడిపే డుమిసాని వచ్చాడు. లోపలికి రాలేదు. ఆ పదిహేను సీట్ల వ్యాను రోడ్డు మీదే ఆపి, కంచె అవతల నిలబడి మాట్లాడాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు తమ్ముడూ, నీ దగ్గు వాళ్ళకి మోసుకెళ్ళలేను, ఏమీ అనుకోకు అన్నాడు. నా కఫంలో ఇప్పుడు టీబీ పురుగు లేదు, క్లినిక్ కాగితం కూడా ఉంది అన్నాను. కాగితాలకేంలే, నా టాక్సీకి కూడా అన్ని కాగితాలూ ఉన్నాయి, బ్రేకులే లేవు అన్నాడు.

పని ఉందట. బండిలో వేసే డిసెంబర్ మిక్స్. ప్రతి ఏడూ నేనే చేస్తాను. మా పేట V సెక్షన్‌లో గోమ్ పాటలు, అంటే ఇక్కడి డ్రమ్ముల డాన్సు పాటలు, కట్టే వాళ్ళు డజను మంది ఉన్నారు. తలా ఒక పాట ఇస్తారు. పన్నెండూ కలిపి గంటసేపు ఆగకుండా సాగాలి. టౌన్‌కి వెళ్ళే స్కూలు పిల్లలు మూడు టాక్సీలు వదిలేసి డుమిసాని బండి కోసం నిలబడతారంటే అది అతని డ్రైవింగ్ చూసి కాదు. ఆ డ్రైవింగ్ చూస్తే నడిచిపోతారు.

నవంబర్ ఆఖరికి కావాలన్నాడు. ఓపిక లేకపోతే మొహమాటం లేకుండా చెప్పు, F సెక్షన్‌లో ఒకడు చేస్తానంటున్నాడు అన్నాడు. మెమరీ స్టిక్ కంచె మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు తీసుకున్నాను.

గోదాములో ఉద్యోగం పోయింది. మాస్కు చూసి స్నేహితులు పోయారు. ముప్ఫై ఏళ్ళకే బట్టలు మేకుకి తగిలించినట్టు ఉంటాయి ఒంటి మీద. ఈ పని కూడా F సెక్షన్ వాడికి పోతే నేను ఒట్టి రోగిని. గోగో గురువారం ప్రార్థనల్లో చదివే ఒక పేరుని. అది నా వల్ల కాదు.

15 సెప్టెంబర్

క్లినిక్‌లో చెవి పరీక్ష. చిన్న గది. పెద్ద హెడ్‌ఫోన్స్. చేతిలో ఒక బటన్. బీప్ వినిపిస్తే నొక్కాలి. చేపకి ఈత పరీక్ష పెట్టినట్టుంది, నవ్వొచ్చింది.

పరీక్ష చేసే ఆయనకి బయట ఇరవై మంది క్యూ. ఆవలిస్తూ, గోడ గడియారం చూస్తూ కానిచ్చాడు. సరిగ్గా మూడు సెకన్లకొక బీప్. మొదట లావుగా ఉన్నాయి. తర్వాత సన్నబడ్డాయి. తర్వాత దోమంత. అన్నిటికీ నొక్కాను. ఆయన కాగితం చూసి, ఈ ఇంజెక్షన్ వాళ్ళలో ఇంత మంచి చెవులు ఈ ఏడాది చూడలేదయ్యా అన్నాడు. గర్వంగా అనిపించింది. దారంతా ఛాతీ విరుచుకుని నడిచాను, దగ్గొచ్చేదాకా.

ఒకటి రాయాలి. ఇక్కడ కాకపోతే ఎక్కడ చెబుతాను. ఆఖరి ఏడెనిమిది వినిపించాయో లేదో నాకు తెలియదు. టైము కాగానే వేలు దానంతటదే నొక్కేసింది. పాటలో కిక్, అదే పెద్ద డ్రమ్ము దెబ్బ, పడాల్సిన చోట ఖాళీ ఉన్నా నా కాలు ఆగదు, అలాగ. వినిపించే ఉంటాయి. వినకుండా వేలెందుకు కదులుతుంది?

22 సెప్టెంబర్

ఉదయం నుంచి ఫ్రిజ్ ఒకటే మోత. మా ఫ్రిజ్ చెడిపోయి రెండు వారాలైంది.

30 సెప్టెంబర్

నాలుగు అతుకులు అయ్యాయి. ఇంకా ఏడు.

అతకడం అంటే జనం వేగం సమానం చేయడం అనుకుంటారు. అది సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఒక పాట నిమిషానికి 124 దెబ్బలు, ఇంకోటి 126, అంకె మార్చితే రెండూ ఒకే నడక నడుస్తాయి. అసలు పని తర్వాతుంది. పోయే పాట కిక్, వచ్చే పాట కిక్ ఒకదాని మీద ఒకటి పడాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా కుంటి గుర్రం పరిగెత్తినట్టు వినిపిస్తుంది. తెర మీద గీతలు సరిగ్గా ఉన్నా వినడానికి కుంటుతూనే ఉండొచ్చు. అప్పుడు కళ్ళు మూసుకుని, మౌస్‌తో ఇంత, ఇంకాస్త, ఇంకాస్త, అని జరపాలి. ఆ ఇంకాస్త దగ్గరే నా అన్నం ఉంది.

మధ్యాహ్నం లోండెకా వచ్చింది. చర్చి వెనక వీధి. ఇరవై రెండేళ్ళు, పొగరు అరవై ఏళ్ళకి సరిపడా. డుమిసాని పన్నెండో పాట ఆమెదే తీసుకున్నాడట. స్కూలు పిల్లలు అదే అడుగుతున్నారట. విన్నాను. డ్రమ్ములన్నీ ఫోన్ తెర మీద వేళ్ళతో కొట్టింది. సాఫ్ట్‌వేర్ తాళం గడుల గ్రిడ్ లేదు, గీత లేదు. 124 దగ్గర మొదలై 127 దగ్గర తేలింది. మధ్యలో ఎక్కడెక్కడ తిరిగిందో దేవుడికే తెలియాలి.

ఇది పాట కాదు, తాగి ఇంటికెళ్ళే మనిషి అన్నాను. తాగినోడే కదన్నా ఇంటికి పాడుకుంటూ వెళ్ళేది, నీలాంటోళ్ళు మూసుకుని వెళ్తారు అంది. గోగో వంటింట్లోంచి పగలబడి నవ్వింది. ఇదిగో మా చర్చిలో పాటకి నేను చిన్న తోలు దిండు మీద కొట్టే తాళం కూడా అంతే, ఏ మిషనూ పట్టుకోలేదు అని వత్తాసు పలికింది. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

ఆ పిల్ల మాత్రం లోపలికి వచ్చింది. కంచె దగ్గర ఆగలేదు. మాస్కు వేసుకోనా అని అడిగింది, వద్దంటే కుర్చీ లాక్కుని కూర్చుంది. అది కోపంలో గమనించలేదు, ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

8 అక్టోబర్

ఆరు అతుకులు. కానీ అందరి పాటలూ ఈ ఏడు మబ్బు పట్టినట్టున్నాయి. సన్న తాళాల జత, హై-హ్యాట్, అసలు పలకడం లేదు. టిస్ టిస్ అని మెరవాల్సింది, గుడ్డ దులిపినట్టుంది. వీళ్ళకి రికార్డ్ చేయడం రాదు. ఒక్కో పాటలో హ్యాట్ పెంచుకుంటూ వస్తున్నాను. ఒకటి, రెండు, నాలుగు గీతలు.

హెడ్‌ఫోన్స్ కూడా పాతబడ్డాయి. డుమిసాని కంచె మీద ఇంకో జత పెట్టి వెళ్ళాడు. అవీ అంతే. ఈ కాలంలో ఏదీ సరిగ్గా తయారు చేయడం లేదు.

14 అక్టోబర్

గోగో చర్చి పాటల పుస్తకంతో వీపు మీద ఒకటిచ్చింది. ఐదుసార్లు పిలిచిందట. కెటిల్ ఈల వేసి వేసి నీళ్ళు ఇగిరిపోయి అడుగంటిందట. దాని పక్కనే నిలబడి ఉన్నావు కదరా, ఇల్లు తగలబడ్డా పాట ఆపవా అని అరిచింది.

కెటిల్ ఈల పోయి ఉంటుంది అన్నాను. గోగో నా వైపు ఒకసారి చూసి, మాడిన కెటిల్ తోముతూ కూర్చుంది. ఆవిడ తిట్టకపోతే నాకు భయం.

23 అక్టోబర్, శుక్రవారం

ఇవాళ జరిగింది రాయాలి.

ఏడు అతుకుల దాకా అయింది కదా, టాక్సీలో వేసి చూద్దాం అన్నాడు డుమిసాని. మేమెప్పుడూ అలాగే చేస్తాం. ఇంట్లో ఎంత విన్నా, పదిహేను మంది ఇరుక్కుని కూర్చున్న బండిలో వినకపోతే పాట పాట కాదు. మాస్కు వేసుకుని వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్నాను. కిటికీ తీశాను, సిస్టర్ ఆర్డర్. పక్కావిడ మూసేసింది. మళ్ళీ తీశాను. గాలి తగిలి నాకు జబ్బు చేస్తే నువ్వు చూస్తావా అంది. మాస్కు వేసుకున్నవాడితో.

పాట మొదలైంది. సీటు కింద బేస్ అదిరింది. అహా అనుకున్నాను. అర నిమిషం కాలేదు, ముందు వరసలో స్కూలు పిల్ల చెవులు మూసుకుంది. తర్వాత దాని పక్కది. డ్రైవరన్నా చెవుల్లో సూదులు గుచ్చుతున్నావేంటి అని ఒకతె. ఎవడు కట్టాడో గానీ వాడికి చెవుడా అని ఇంకొకతె. బండంతా నవ్వింది. పక్కావిడ కిటికీ తనే తీసింది, శబ్దం బయటికి పోతుందని. డుమిసాని అద్దంలో నన్ను చూసి మిక్స్ ఆపేశాడు. రేడియో పెట్టాడు. వార్తలు.

రెండో వీధిలో దిగిపోయాను. ఇంటిదాకా నడిచాను. నాకు మాత్రం హ్యాట్ ఇంకా తక్కువే ఉన్నట్టుంది.

24 అక్టోబర్

పొద్దున్నే లోండెకా వచ్చింది. నిన్న ఆ బండిలో ముందు సీట్లో ఉందట, నేను చూడలేదు. తిట్టడానికి వచ్చిందేమో అనుకున్నాను. అన్నా, అతుకులన్నీ వెన్నలా ఉన్నాయి, కానీ హ్యాట్లు ఎందుకలా పెంచావు, నాకు పళ్ళు జివ్వుమన్నాయి అంది. మెల్లగా అంది. ఆ మెల్లగా అనడం నాకు నచ్చలేదు. నీకేం తెలుసు పో అన్నాను. వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను. చెవులతో కాదు, కళ్ళతో. తెర మీద హ్యాట్ మీటర్ ఎర్రగా ఉంది. మొత్తం పైకి కొట్టుకుంటోంది. మిగతావన్నీ ఆపి అదొక్కటే వినిపించాను. మీటర్ ఎగురుతోంది. నా హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు. వైరు తీసి మళ్ళీ పెట్టాను. ఏమీ లేదు. గోగోని పిలిచి చెవికి పెట్టాను. అబ్బా అని లాగి పారేసింది.

పాటలది కాదు. హెడ్‌ఫోన్స్‌ది కాదు. కెటిల్‌ది కాదు.

26 అక్టోబర్, సోమవారం

క్లినిక్‌కి వెళ్ళలేదు. గోగోకి వెళ్ళొచ్చానని చెప్పాను.

నాకు తెలుసు ఏం చేస్తున్నానో. ఆ ఇంజెక్షన్ చెవులు తింటుందని మొదటి రోజే చెప్పారు, సంతకం కూడా పెట్టించుకున్నారు. ఛాతీలో పురుగు చావాలంటే అది కావాలి, సరేనన్నాను. అప్పుడు చావు భయం. ఇప్పుడు నాకు ఒక్క నెల చెవులు కావాలి. నాలుగు అతుకులు, ఒక్క నెల. తర్వాత ఎన్ని సూదులైనా పొడవనీ, రెండు పిర్రలూ ఇస్తాను.

డుమిసానికి ఫోన్ చేసి బతిమాలాను. నా జన్మలో ఎవర్నీ అలా బతిమాలలేదు. F సెక్షన్ వాడికి ఇవ్వకు, సరిచేసి ఇస్తాను అన్నాను. చాలాసేపు ఏదో చెప్పాడు. సగమే అర్థమైంది. సరే అన్నట్టే ఉంది.

30 అక్టోబర్

ఐదు రోజులు. రోజూ పొద్దున్నే ఇంజెక్షన్ కార్డు జేబులో పెట్టుకుని బయల్దేరతాను. రైల్వే బ్రిడ్జి దగ్గర గంట కూర్చుని తిరిగొస్తాను. పిర్ర నొప్పి తగ్గింది, కుర్చీలో కూర్చోగలుగుతున్నాను. గోగోకి అనుమానం రాకుండా నిలబడే పనిచేస్తున్నాను.

హ్యాట్ తిరిగి రాలేదు. రైళ్ళు పోతుంటే బ్రిడ్జి ఇనుము అదరడం మాత్రం తెలుస్తోంది.

3 నవంబర్

సాయంత్రం ఒళ్ళు వేడి. దగ్గితే గుడ్డ చూడకుండా మడిచేస్తున్నాను. ఎనిమిదో అతుకు మూడుసార్లు చేశాను, మూడుసార్లూ చెరిపేశాను. కుంటుతోందో లేదో చెప్పలేకపోతున్నాను.

నాకు పిచ్చెక్కుతోంది. చెవులకి బదులు ఊపిరి ఇస్తున్నాను, అటు నుంచి తిరిగి ఏమీ రావడం లేదు.

5 నవంబర్, గురువారం

సిస్టర్ జోండి ఇంటికొచ్చింది. క్లినిక్ బండిలో కాదు, నడిచి. అది నయం, బండి చూస్తే వీధంతా గుమిగూడేది. గోగో ఎర్ర జాకెట్టు వేసుకుని ప్రార్థనకి బయల్దేరుతోంది. సిస్టర్‌ని గుమ్మంలో చూడగానే అంతా అర్థమైపోయింది ఆవిడకి. టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది.

సిస్టర్ అరుస్తుందనుకున్నాను. కార్డు అడిగింది. తొమ్మిది గడులు ఖాళీ. లెక్కపెట్టి నా మొహానికి దగ్గరగా వచ్చి, పెదాలు నిదానంగా కదుపుతూ, ఈ తొమ్మిది రోజుల్లో నీ పురుగు వ్యాయామం చేసి కండలు పెంచుకుందిరా, రేపు ఏ మందుకీ లొంగనని కూర్చుంటే నేనేం చేయాలి అంది. అంత దగ్గరగా, అంత నిదానంగా ఎందుకు మాట్లాడుతోందా అనుకున్నాను. అంటే ఆమెకి తెలిసిపోయిందన్నమాట.

గోగో ఏడవలేదు. పాటల పుస్తకంతో కూడా కొట్టలేదు. నేను నీ అమ్మని పూడ్చాను, నీ మామని పూడ్చాను, నిన్ను పూడ్చే ఓపిక నాకు లేదు, నువ్వే నన్ను పూడ్చాలి, అంతే అంది. ఈ మాటలు నాకు గట్టిగా వినిపించాయి.

6 నవంబర్

మళ్ళీ చెవి పరీక్ష. ఈసారి సిస్టరే చేసింది. బీప్‌లు ఇష్టమొచ్చినట్టు వేసింది. ఒకటి వెంటనే, ఒకటి పది సెకన్లకి, ఒకటి రెండుసార్లు. నా వేలికి దారి దొరకలేదు.

లావు బీప్‌లు వినిపించాయి. మధ్యవి కొన్ని. సన్నవి ఒక్కటీ లేదు.

సిస్టర్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. సెప్టెంబర్‌ది చదునుగా ఉంది, రోడ్డులాగా. ఇవాళ్టిది కొండ మీంచి పడిపోయినట్టుంది. రెండు నెలల్లో ఇంత పోవడం నేను చూడలేదు అంది. ఏడు వారాలకి ఇంతా అని తనలో తను అనుకుంటూ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. ఆవిడ తన తప్పేదో వెతుక్కుంటోంది. చూడలేకపోయాను.

చెప్పేశాను. సెప్టెంబర్‌లో అవి నాకు వినపడలేదు సిస్టర్, మూడు సెకన్లకొకటి వస్తుంటే తాళం పట్టి నొక్కాను అన్నాను.

సిస్టర్ కుర్చీలో కూలబడింది. మోసం చేశావా అని అడగలేదు. అప్పుడే కాగితం ఇలా పడిపోయి ఉంటే ఆ రోజే ఇంజెక్షన్ మార్చేవాళ్ళం కదరా, వేరే మాత్ర ఉంది, ఇలాంటి వాళ్ళ కోసమే ఉంది అంది. అంది, అంతే. తర్వాత నా చేయి పట్టుకుని కూర్చుంది. బయట క్యూలో వాళ్ళు తలుపు కొట్టి ఉంటారు, ఆవిడ రెండుసార్లు తలుపు వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నా చెవుల్ని సూది తినలేదు. నా వేలు తినేసింది. సెక్షన్‌లో ఇంకెవడైనా అయితే బీప్ వినకపోతే ఊరుకునేవాడు. నేను ఊరుకోలేదు.

9 నవంబర్

ఇంజెక్షన్ ఆపేశారు. కొత్త మాత్ర. పోయింది తిరిగి రాదట. ఇంకొన్ని వారాలు ఇంకా పోతూనే ఉంటుందట, నీళ్ళు కట్టేసినా పైపులోది కారినట్టు. ఎక్కడ ఆగుతుందో చెప్పలేం అన్నారు.

10 నవంబర్

రాయడానికేమీ లేదు. పొద్దంతా గోడకేసి తిరిగి పడుకున్నాను.

13 నవంబర్

గోగో ఇప్పుడు పిలవడం మానేసింది. నేల మీద చీపురు కట్టెతో కొడుతుంది. రెండు దెబ్బలంటే తిండి. మూడంటే మాత్రలు. ఇవాళ మొక్కజొన్న పిండి పుతు, పుల్లటి పాలు పెట్టి ఏదో అంది. ఏంటి అన్నాను. మళ్ళీ అంది. ఏంటి గోగో అన్నాను. చేత్తో తినమని చూపించి వెళ్ళిపోయింది. తలుపు దాటాక కళ్ళు తుడుచుకుంది. నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయని మర్చిపోయింది.

19 నవంబర్

లేచి లాప్‌టాప్ తెరిచాను. ఎందుకో తెలియదు. పడుకుని పడుకుని వీపు నొప్పెట్టింది, అంతే అయ్యుంటుంది.

కళ్ళతో అతికాను. తెరని పెద్దది చేసి, పెద్దది చేసి, ఒక్కో కిక్ కొండంత కనిపించేదాకా. రెండు కొండల శిఖరాలూ ఒక గీత మీదకి తెచ్చాను. ఎనిమిది, తొమ్మిది అయిపోయాయి. గ్రిడ్ మీద కట్టిన పాటలు కాబట్టి సాగింది. హ్యాట్లన్నీ తగ్గించాను. ఎంత తగ్గించాలో తెలియక, జూన్‌లో, ఆసుపత్రికి పోకముందు చేసిన ఒక పాత మిక్స్ తెరిచి ఆ అంకెలే వేశాను. ఆ చెవులున్నవాడి దగ్గర అప్పు తీసుకున్నట్టుంది.

21 నవంబర్

పది. ఇక ఒక్కటే. తాగి ఇంటికెళ్ళే మనిషి.

గీతలు పెడితే మొదటి నాలుగు దెబ్బలు కలుస్తాయి, ఐదోది జారిపోతుంది. జరిపితే ఇంకోచోట జారుతుంది. సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి గ్రిడ్‌కి కట్టేయొచ్చు. కట్టేసి చూశాను. తెర మీద చక్కగా ఉంది. కానీ ఆ పిల్లలు అడిగేది ఆ నడకే అని నాకు తెలుసు. కట్టేస్తే డుమిసాని కనిపెట్టకపోవచ్చు. లోండెకా కనిపెడుతుంది. నేనైతే కనిపెట్టేవాణ్ణి.

కట్టు విప్పేశాను. ఆ పిల్లని పిలవాలి. నీకేం తెలుసు పో అన్న నోటితో.

22 నవంబర్, ఆదివారం

మెసేజ్ పెట్టాను. నాకు చెవులు పోయాయి, నీ పాట అతకలేకపోతున్నాను, రా. మూడుసార్లు రాసి చెరిపి, ఆఖరికి అదే పంపాను. పది నిమిషాల్లో గుమ్మంలో ఉంది. చర్చి బట్టల్లోనే.

ముందు మాటలతో ప్రయత్నించాం. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ముందుకి, వెనక్కి అని చేత్తో చూపించడం, నేను జరపడం. కుదరలేదు. ఆమె చేయి ఎత్తేలోపు దెబ్బ దాటిపోతుంది. నాకు కోపం, ఆమెకి కోపం. ఒకసారి మౌస్ లాక్కోబోయింది, నేనివ్వలేదు. అతికేది నేను అన్నాను. గట్టిగానే అరిచి ఉంటాను, గోడ అవతలి ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

అప్పుడు లోండెకా హెడ్‌ఫోన్స్ తీయకుండానే నా వెనక్కి వచ్చి నిలబడింది. ఏం చేస్తోందో తెలియలేదు. కుడి చెయ్యి నా కుడి భుజం మీద పడింది. దమ్. దమ్. దమ్. పోయే పాట. ఎడమ చెయ్యి ఎడమ వైపు, ఎముక మీద. దమ్. దమ్. వచ్చే పాట, ఆమెది. రెండూ వేరు వేరుగా పడుతున్నాయి. కుంటి గుర్రం నా వీపు మీదే ఉంది.

కళ్ళు మూసుకున్నాను. మౌస్ జరిపాను. ఇంత. ఎడమ చెయ్యి దగ్గరికొచ్చింది. ఇంకాస్త. ఇంకాస్త. రెండు చేతులూ ఒకేసారి పడ్డాయి. వీపు మొత్తం ఒక్క దెబ్బగా మోగింది. ఐదో దెబ్బకి జారింది, అక్కడ కోసి మళ్ళీ జరిపాను. తొమ్మిదోది జారింది. ముప్ఫై రెండు ఆవర్తాలు. ఒక్కో దెబ్బా. ఎంతసేపు చేశామో, గోగో చర్చికి వెళ్ళి, వచ్చి, వంట చేసింది.

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఐదు నెలల్లో నా ఒంటి మీద సూది లేకుండా చెయ్యి వేసిన మనిషి లేడు, సిస్టర్ తప్ప. ఆ పిల్ల చేతులు నిప్పులాగా ఉన్నాయి.

చివరికి మొత్తం మొదటి నుంచి వేశాం. ఆమె రెండు చేతులూ కలిసి పడుతూనే ఉన్నాయి. నేను కళ్ళు తెరవలేదు. తెరిచి చూసేసరికి తెర మీద గీత ఆగిపోయి ఉంది. పాట ఎప్పుడో అయిపోయింది. ఆమె మాత్రం ఆపలేదు.

27 నవంబర్

డుమిసానికి మెమరీ స్టిక్ ఇచ్చాను. కంచె మీద పెడితే, దాన్ని దాటి లోపలికొచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు. చాలా మాట్లాడాడు. నేను తలూపాను. ఏం చెప్పాడని తర్వాత గోగోని అడిగితే కాగితం మీద రాసింది. బ్రేకులు బాగుచేయించాడట.

8 డిసెంబర్

కఫం శుభ్రం. సిస్టర్ జోండి రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించింది. గడుల పుస్తకం ఏదని అడిగింది. పోయిందన్నాను.

18 డిసెంబర్

డుమిసాని బండిలో టౌన్‌కి వెళ్ళాను. మా మిక్సే వేశాడు. వెనక వరస. పద్నాలుగు తలలు ఒకేసారి ఊగుతున్నాయి. నా తల ఒక దెబ్బ వెనక ఉంది. ముందు సీటావిడ మెడ చూసి తాళం సరిచేసుకున్నాను.